ఎడమ చెవి గుర్తు

1634 అక్టోబరు 14, మంగళవారం పొద్దున, నదిలో సముద్రపు పోటు తీస్తుండగా, పొకానమ్ అనే ఎగువ ఊరి మనిషి తల లేని పందిని దోనెలో తెచ్చి న్యూ ఫోవీ రేవులో దించాడు. మధ్యాహ్నానికి అతని కాళ్ళు బొండకొయ్యలో ఉన్నాయి.

పంది మాదే. అంటే న్యూ ఫోవీలో ఎవరో ఒకరిది. ఎగువ వాళ్ళు మొదటినుంచీ ఈ నేలవాళ్ళు, పందుల్ని పెంచరు. కార్న్‌వాల్ నుంచి సముద్రం దాటి వచ్చిన మేము వసంతంలో వాటిని అడవిలోకి వదిలేస్తాం. అవి గింజలూ వేళ్ళూ తింటాయి, ఆటు సమయంలో తీరానికి వచ్చి బురదలో గుల్లలు తవ్వుకుంటాయి, మంచు పడే వేళకు వాటంతట అవే ఇంటికొస్తాయి. కంచె పంటకు వేస్తాం గాని పందికి వేయం. ఏది ఎవరిదో తెలియడానికి పిల్లగా ఉన్నప్పుడే చెవికి గాటు పెడతాం. ఇంటికో గుర్తు. చచ్చిన పందిని ఊళ్ళోకి తెచ్చేవాళ్ళు చెవులతో సహా తల కూడా తేవాలి. తల లేకుండా తెస్తే దొంగిలించినట్టే. పందిని దొంగిలిస్తే ఉరి. గుర్తు మారిస్తే, మార్చినవాళ్ళ చెవి కోత. ఊరు పెట్టిన మొదటి ఏడు ఒకే పంది కోసం ముగ్గురు గొడ్డళ్ళతో కొట్టుకున్నాక ఈ నియమం చేశారు.

పొకానమ్‌కు ఇది తెలియదు. అతని ఊళ్ళో చంపిన జంతువు తల ముసలివాళ్ళకు ఇస్తారు. అతను తల వాళ్ళకిచ్చి, మిగిలిన పందిని ముక్క తగ్గకుండా సొంతదారుకు అప్పగించడానికి తెచ్చాడు. మా భాష కొద్దిగా వచ్చు. "మీ పంది. మా పాతరలు తవ్వింది. అంతా తినేసింది" అని రేవులో ఉన్నవాళ్ళకు చెప్పాడు.

తుపాకుల వాళ్ళకు పెద్ద సార్జెంట్ హ్యూ పెన్‌రోజ్. అతను పందిని కాలితో తిరగేసి చూశాడు.

"తల ఏదిరా?"

పొకానమ్ ఎగువకు చెయ్యి చూపాడు. పెన్‌రోజ్ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు.

దోనెలో పొకానమ్ చెల్లెలు కూడా ఉంది. ఆమె ఒడ్డు దిగలేదు. తెడ్డు వేసి దోనెను తిప్పి, ఆటుకు ఎదురుగా ఎగువకు వెళ్ళిపోయింది. ఒకడు తుపాకీ ఎత్తాడు. దాన్ని పేల్చే వత్తి తడిసి ఉంది, పేలలేదు.

టామ్సిన్ వేక్ అప్పుడు గుడిసె వెనక ఎండిన బఠానీ తీగలు పీకుతోంది. పక్కింటి హానర్ పరుగున వచ్చి సంగతి చెప్పింది. టామ్సిన్ పంది గురించి అడగలేదు.

"దోనె వెళ్ళిపోయిందా?" అని అడిగింది.

వెళ్ళిపోయిందని హానర్ చెప్పింది. టామ్సిన్ తీగలు కింద పెట్టి రేవు వైపు నడిచింది.

ఆమె మొగుడు డిగరీ ఎగువ ఊళ్ళో ఉన్నాడు. ఆగస్టులో మా ఊరి పెద్ద అంబ్రోస్ కిట్టో ఎగువ రాణితో ఒప్పందం చేసుకున్నాడు. చలికాలానికి ఆమె మొక్కజొన్న ఇస్తుంది, ఈయన గొడ్డళ్ళూ బట్టా ఇస్తాడు. లావాదేవీ ముగిసేదాకా మా మనిషి ఒకడు ఆమె దగ్గర అతిథిగా ఉంటాడు. భాష నేర్చుకోవడానికి అని కిట్టో ప్రార్థన ఇంట్లో చెప్పాడు. పూచీగా అని అందరికీ అర్థమైంది. నడివేసవికి రావలసిన ఓడ రాలేదు. కొట్లో ఉన్న పిండి నవంబరు దాటదు. డిగరీ తనే ముందుకొచ్చి వెళతానన్నాడు.

ఆ రోజు టామ్సిన్ కిట్టో ఇంటికి వెళ్ళి, పొకానమ్‌ను సాయంత్రం పోటుతో పంపేయమని అడిగింది. కిట్టో కాదనలేదు, అవుననలేదు. చట్టం ఎగువ వాళ్ళకొకటీ మనకొకటీ ఉంటే రేపు ఊళ్ళో ఎవరూ చట్టాన్ని లెక్కచేయరని అన్నాడు. పోయిన ఏడు ఇదే తప్పుకు మన కుర్రాణ్ణే ఉరి తీశాం కదా అన్నాడు. అది నిజమే. ఆ ఉరికొయ్య ఇంకా ఊరి గేటు పక్కనే ఉంది.

బుధవారం పొద్దున ఆటుతో పొకానమ్ చెల్లెలు మళ్ళీ వచ్చింది. తుపాకీ గుండుకు అందనంత దూరంలో దోనె నిలిపింది. వెంట ఉన్న ముసలాయన లేచి నిలబడి మా భాషలో అరిచాడు. మాటలు డిగరీ నేర్పినవై ఉంటాయి, మా కార్న్‌వాల్ యాస వినిపించింది.

"మా మనిషి మీ దగ్గర. మీ మనిషి మా దగ్గర."

రెండుసార్లు అరిచి కూర్చున్నాడు. దోనె వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ప్రార్థన ఇంట్లో అందరూ చేరారు. పన్నెండు తుపాకులతో ఎగువకు వెళ్ళి డిగరీని విడిపించుకు రావాలని పెన్‌రోజ్ అన్నాడు. తుపాకులు నది మలుపు తిరిగేలోపే డిగరీ శవమవుతాడని టామ్సిన్ అంది.

"నీ మొగుడు అక్కడ మొక్కజొన్న రొట్టెలు తిని దూడలా బలిసుంటాడు పిల్లా. నీకెందుకింత భయం?" అన్నాడు పెన్‌రోజ్.

"నీ పెళ్ళాం అక్కడుంటే నిన్నూ ఇదే అడిగేదాన్ని, సార్జెంటుగారూ" అంది టామ్సిన్.

వెనక బల్లల మీద కొందరు నవ్వారు. కిట్టో బల్ల మీద తట్టాడు.

పంది ఎవరిదన్న మాట అప్పుడు వచ్చింది. నల్లమచ్చల ఆడపంది. అలాంటివి ఊళ్ళో రెండే, ఒకే ఈతవి. ఒకటి పెన్‌రోజ్‌ది, రెండోది వేక్‌లది. రెండూ అడవిలోకి వదిలినవే. పెన్‌రోజ్ గుర్తు ఎడమ చెవి కొసన ఒక చీలిక. వేక్‌ల గుర్తు ఎడమ చెవి కొస తెగ్గోసి ఉంటుంది. తల లేదు కాబట్టి ఏదన్నది ఎవరూ చెప్పలేరు. చచ్చింది తనదే అని పెన్‌రోజ్ అన్నాడు. తనదే అని టామ్సిన్ అంది.

టామ్సిన్ ఎందుకలా అందో అందరికీ తెలుసు. సొంతదారు క్షమిస్తే ఉరి ఉండదు. మొగుడు ఊళ్ళో లేనంతకాలం ఇంటి సొత్తుకు ఆమెదే మాట అని ఆగస్టులో కిట్టోయే ఒప్పుకుని ఉన్నాడు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి, తల తెప్పిద్దాం, చెవి చూసి తేలుద్దాం అన్నాడు. శనివారం లోపల తల రాకపోతే పెన్‌రోజ్ మాట చెల్లుతుంది.

ఎవరు వెళతారని అడిగాడు. టామ్సిన్ లేచింది. ఆడదాన్ని ఒంటరిగా ఎలా పంపడమని ఎవరో అన్నారు. ముసలి హానిబాల్ రో లేచి, పడవ తను వేస్తానన్నాడు. ఎగువ వాళ్ళకు అతను తెలుసు, వాళ్ళకు చేపలు అమ్మేవాడు.

గురువారం మధ్యాహ్నం పోటు ఎత్తుకోగానే ఇద్దరూ బయలుదేరారు. నీరే పడవను లాక్కుపోతోంది, హానిబాల్ తెడ్డు ఆనించి కూర్చున్నాడు. ఈసారి గుల్లలు సన్నగా ఉన్నాయనీ, ఓడ మునిగే ఉంటుందనీ, తన మోకాలు రేపు వాన అంటోందనీ చెబుతూ పోయాడు. టామ్సిన్ ఒడ్డులు చూస్తోంది. మొదటి మలుపు దగ్గర చెట్ల మధ్య మనుషులు కనిపించారు. పడవతో సమంగా ఒడ్డున నడుస్తున్నారు. పిలవలేదు.

"నీ మొగుణ్ణి రాణి అల్లుణ్ణి చేసుకుని ఉంటే నన్నడక్కు. పడవ కూలి మాత్రం నువ్వే ఇవ్వాలి" అన్నాడు హానిబాల్.

టామ్సిన్ ఒడ్డున నడిచే మనుషుల్ని లెక్కపెడుతోంది. 

పొద్దు వాలేముందు ఎగువ ఊరి రేవు చేరారు. ఊరికి ఇవతల ఇసుక మిట్ట ఉంది. వాళ్ళ పాతరలు అందులో ఉంటాయి. నేలలో గొయ్యి తవ్వి, చాప పరిచి, మొక్కజొన్న పోసి, పైన మట్టి కప్పుతారు. మూడు పాతరలు బయటపడి ఉన్నాయి. చాపలు పీలికలయ్యాయి. ఆడవాళ్ళు కొందరు మోకాళ్ళ మీద కూర్చుని బురదలోంచి గింజలు ఏరుతున్నారు. ఏరినవి ఒక గిన్నె నిండలేదు. టామ్సిన్ పక్కనుంచి నడుస్తుంటే ఎవరూ తల ఎత్తలేదు.

డిగరీ రాణి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. చేతులు కట్టి లేవు. రెండు పక్కలా ఇద్దరు మనుషులున్నారు. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు ముట్టుకోలేదు.

"తిన్నావా?" అని అడిగింది.

"సోమవారం దాకా పెట్టారు. తర్వాత వాళ్ళకే లేదు" అన్నాడు.

అతను చెప్పింది ఇది. పంది ఆదివారం రాత్రి మిట్ట తవ్వింది. సోమవారం పొద్దున పొకానమ్ దాన్ని బాణంతో కొట్టాడు. తలతో సహా తీసుకెళ్ళమని డిగరీ చెప్పాడు, చెవి సంగతి వివరించాడు. ముసలివాళ్ళు ఒప్పుకోలేదు. తల తమది, మిగతా అంతా ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి అన్నారు.

తల పందిరి కింద పొగకు వేలాడుతోంది. వెంట్రుకలు కాలి, చర్మం నల్లబడి ఉంది. డిగరీ ఎడమ చెవి పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

కొసన చీలిక ఉంది.

"పెన్‌రోజ్‌ది" అన్నాడు.

"మనది?"

"మొన్న వాగు దాటి దిగువకు పోతుంటే చూశాను. పిల్లలున్నాయి వెంట."

టామ్సిన్ చెవిని తన వేళ్ళతో తడిమింది. చీలిక బొటనవేలి గోరంత లోతు ఉంది. కొస తెగ్గోస్తే చీలిక దాంతోపాటే పోతుంది. ఆమె నడుము దగ్గరి చాకు తీసింది. డిగరీకి అర్థమైంది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పక్కనున్న మనుషులిద్దరూ కదిలారు, మళ్ళీ ఆగారు.

"బైబిల్ మీద చెయ్యి పెట్టమంటారు" అన్నాడు.

"పెడతాను."

"అబద్ధ ప్రమాణం అవుతుందది."

"అవుతుంది."

"నరకానికి పోతావే."

"నువ్వు ముందు ఇంటికి రా. నరకం సంగతి ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం."

డిగరీ చెయ్యి వదిలాడు. ఆమె ఒక్క కోతలో కొస తీసేసింది. కోసిన అంచు తెల్లగా ఉంది. పాత కోత అయితే అంచు మందంగా, వెంట్రుకలతో ఉంటుంది. ఆమె పొయ్యిలోంచి కొరివి తీసి అంచు పొడవునా ఆనించింది. చల్లార్చి, మసి రుద్ది, మళ్ళీ ఆనించింది. కోసిన ముక్కను నిప్పులో వేసింది.

రాణి తన ఇంటి గడప దగ్గరినుంచి ఇదంతా చూస్తోంది. యాభై దాటిన మనిషి. ఆ ఆడమనిషి ఏం చేస్తోందని డిగరీని అడిగింది. డిగరీ చెప్పాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. రాణి విని ఒక్క మాట అంది. డిగరీ దాన్ని పెళ్ళానికి వినిపించాడు.

"పంది ఎవరిదైతే నాకేంటి, పాతరలు ఎవరు నింపుతారు అంటోంది."

ఆ మాట కిట్టో దొరగారికి చెబుతానని టామ్సిన్ అంది. రాణి తన షరతు చెప్పింది. పొకానమ్ ముందు ఈ ఒడ్డున కాలు పెట్టాలి. ఆ తర్వాతే డిగరీ దోనె ఎక్కుతాడు. ఆదివారం పొద్దు గుంకేదాకా చూస్తుంది.

శుక్రవారం పొద్దున ఆటుతో టామ్సినూ హానిబాలూ బయలుదేరారు. తల గోనెలో చుట్టి ఆమె కాళ్ళ దగ్గర ఉంది. హానిబాల్ దారిలో ఒకసారి గోనె వైపు చూసి, తనకు రాత్రి పందిరి కింద బాగా నిద్రపట్టిందనీ, ఏమీ చూడలేదనీ అన్నాడు. ఆమె గోనె మూతి బిగించి కట్టింది.

మధ్యాహ్నం ప్రార్థన ఇంట్లో కిట్టో బల్ల మీద తల పెట్టారు. కిట్టో ఎడమ చెవి చూశాడు, కుడి చెవి చూశాడు. కుడి చెవికి ఏ గాటూ లేదు. ఎడమ చెవికి కొస లేదు. అది వేక్‌ల గుర్తు అన్నాడు.

పెన్‌రోజ్ ముందుకొచ్చాడు. చెవిని రెండు వేళ్ళతో వంచి, అంచును గోరుతో గీరాడు. మసి ఊడింది. కింద కూడా నల్లగానే ఉంది.

"ఇది కొత్త కోత, దొరగారూ."

"ఎలా చెప్తావు?"

"అంచుకు మందం లేదు. వెంట్రుక లేదు."

"తల అంతటా వెంట్రుక లేదు సార్జెంట్. కాల్చారు" అన్నాడు కిట్టో.

పెన్‌రోజ్ టామ్సిన్ వైపు తిరిగాడు. ఆమె బల్ల మీది పంది తల వైపు చూస్తోంది. అతనికి ముగ్గురు పిల్లలు, ఆ పంది ఈత మీదే చలికాలం లెక్క వేసుకున్నాడు. అంచు మళ్ళీ చూడమని కిట్టోను అడిగాడు. కిట్టో మళ్ళీ చూశాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన చెవిని చాలాసేపు వదల్లేదు. తర్వాత కళ్ళజోడు తీసి, కంటికి తేలనిది ప్రమాణంతో తేలాలి అన్నాడు.

టామ్సిన్ బైబిల్ మీద కుడి చెయ్యి పెట్టింది. చచ్చిన పంది తన ఇంటిదని, దాన్ని చంపిన మనిషిని తను క్షమిస్తున్నానని చెప్పింది. గొంతు వినబడలేదని వెనకవాళ్ళు అన్నారు. మళ్ళీ గట్టిగా చెప్పింది.

తర్వాత రాణి మాట చెప్పింది. మూడు పాతరలు పోయాయని, అందులో మనకు రావలసిన గింజలు కూడా ఉన్నాయని చెప్పింది. కిట్టో శ్రద్ధగా విన్నాడు.

"పాతరల చుట్టూ దడి కట్టుకోమనండి. మనం మన చేలకు కట్టుకోవడం లేదా?" అన్నాడు.

సాయంత్రం పోటు మొదలవుతుండగా పొకానమ్‌ను బొండకొయ్య నుంచి విడిపించారు. కాళ్ళు వాచి ఉన్నాయి, రేవు దాకా హానిబాల్ భుజం పట్టుకుని నడిచాడు. చెల్లెలు దోనెతో మధ్య ప్రవాహంలో కాచుకుని ఉంది. ఒడ్డుకు తేలేదు. అతను నీళ్ళలో నడుము లోతు దాకా వెళ్ళి ఎక్కాడు.

ఇక డిగరీ రావాలి. వస్తే శనివారం ఆటుతో రావాలి. ఆ రోజు మధ్యాహ్నం దాటాకే దోనె కనిపిస్తుంది.

శనివారం పొద్దున టామ్సిన్ రేవులో నిలబడింది. హానర్ బఠానీ జావ తెచ్చిచ్చింది. తాగకుండా పక్కన పెట్టింది. నీరు మెల్లగా తీస్తోంది. గేటుకు దక్షిణంగా ఉన్న గుల్లల మిట్ట బయటపడుతోంది. ముందు ఒక బురద గీత, తర్వాత వెడల్పు.

నల్లమచ్చల ఆడపంది పొదల్లోంచి వచ్చి ఆ మిట్ట మీద గుల్లలు తవ్వడం మొదలుపెట్టింది. వెనక అయిదు పిల్లలు.

రేవు నుంచి మిట్ట రాయి విసిరితే అందేంత దూరం. ఎడమ చెవికి కొస లేదని అక్కడినుంచే కనిపించింది. గేటు మీద కాపలావాడు ఎగువ వైపు చూస్తున్నాడు. టామ్సిన్ గుల్లల బుట్ట తీసుకుని మిట్ట వైపు నడిచింది. పరిగెత్తలేదు. దగ్గరికెళ్ళి మట్టిబెడ్డ విసిరింది. పంది తలెత్తి ఆమెను చూసి ఆమె వైపే వచ్చింది. పోయిన చలికాలమంతా ఆమె చేతి కూడు తిన్న పంది. బుట్టలో ముట్టె పెట్టింది. ఆమె బుట్టతో దాని మూతి మీద కొట్టింది. అది రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ వచ్చింది. పిల్లలు ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె మోకాళ్ళతో దాన్ని పొదల వైపు నెట్టసాగింది.

"బాగా మాలిమి పందే" అన్నాడు పెన్‌రోజ్.

అతను పొదల వైపు నుంచే వచ్చాడు. పొద్దుటి నుంచీ తన పంది పిల్లల కోసం తీరం వెంట వెతుకుతున్నాడు. తుపాకీ భుజాన ఉంది. అతను పంది చెవి చూశాడు. టామ్సిన్ బుట్ట కింద పెట్టింది. ఎగువ వైపు చూసింది. నది మీద ఏమీ లేదు.

"నీ పంది చచ్చిపోయింది కదా" అన్నాడు.

ఆమె కాళ్ళ దగ్గరి పిల్లను తల్లి వైపు తోసింది.

"దేవుడి పుస్తకం మీద చెప్పావు. ఊరంతా విన్నాం. మరి ఇదెవరిదంటావు?"

"దోనె వచ్చేదాకా ఆగు, సార్జెంటుగారూ. తర్వాత ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

"దొరగారికి చెబితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"పొకానమ్ కోసం తుపాకులు వస్తున్నాయని ఎగువ వాళ్ళకు తెలిస్తే?"

తుపాకులు ఇప్పుడు ఎగువకు బయలుదేరితే, దోనెలో ఉన్న డిగరీ దారిలోనే వాటికి ఎదురవుతాడు. అది ఇద్దరికీ తెలుసు. పెన్‌రోజ్ వంగి ఒక పంది పిల్లను కాలు పట్టి ఎత్తి, చెవులు చూశాడు. పిల్లలకు ఇంకా గాట్లు పెట్టలేదు.

"నా పంది చచ్చింది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా పిల్లలకు ఈ చలికాలం ఏం పెట్టను?"

టామ్సిన్ పంది వీపు మీద చెయ్యి వేసింది.

"తోలుకెళ్ళు" అంది.

"పిల్లలతో సహా."

"పిల్లలతో సహా. గేటు వైపు నుంచి కాదు. మిట్ట కొన చుట్టూ తిప్పి నీ దొడ్డికి తోలు."

"చెవి?"

"ఎప్పుడో నేనే నీకు అమ్మానని చెప్పు. అడిగితే నేనూ అదే చెబుతాను."

పెన్‌రోజ్ పిల్లను చంకలో పెట్టుకుని, తల్లిని తుపాకీ మడమతో అదిలించాడు. పిల్ల అరుస్తుంటే తల్లి దాని వెంట పోయింది. మిగతా పిల్లలు తల్లి వెంట పోయాయి. టామ్సిన్ వాళ్ళు కొన మలుపు తిరిగేదాకా చూసి, వంగి, బురదలో వాటి అడుగులను కాలితో చెరిపింది. నాలుగు గుల్లలు ఏరి బుట్టలో వేసుకుంది.

గేటు మీద కాపలావాడు దోనె అని కేకేశాడు.

దోనె మలుపు దగ్గర చిన్నగా కనిపించింది. అందులో ఎంతమంది ఉన్నారో ముందు తెలియలేదు. ఒక తల అని ఒకరన్నారు, రెండు అని ఒకరన్నారు. కిట్టో కూడా రేవులోకి వచ్చాడు. దోనె దగ్గరయ్యాక ముగ్గురని తేలింది. ముందు పొకానమ్ చెల్లెలు, వెనక ముసలాయన. మధ్యలో మనిషి కూర్చోలేదు, పడుకుని ఉన్నాడు.

టామ్సిన్ బుట్టతోనే నీళ్ళలోకి దిగింది. దోనె అంచు పట్టుకుంది. డిగరీ కళ్ళు తెరిచి ఉన్నాయి.

"లేవొద్దన్నారు. మన గేటు మీద తుపాకులున్నాయని తల ఎత్తొద్దన్నారు" అన్నాడు.

అతను లేచి నీళ్ళలోకి దిగాడు. దోనె ఆగలేదు, మధ్యకు తిరిగిపోయింది. ఇద్దరూ ఒడ్డుకు నడిచారు. కిట్టో డిగరీతో చెయ్యి కలిపి, దేవుడి దయ అన్నాడు. తర్వాత ఎన్ని బుట్టలు ఎప్పుడు ఇస్తారట అని అడిగాడు. రాణి ఏమీ చెప్పలేదని డిగరీ జవాబిచ్చాడు.

పెన్‌రోజ్ దొడ్లో కొస లేని చెవి పంది ఉందని మరుసటి వారం ఊళ్ళో తెలిసింది. వేసవిలో వేక్‌ల దగ్గర కొన్నానని పెన్‌రోజ్ చెప్పాడు. అవునని టామ్సిన్ చెప్పింది. వాళ్ళకు అలాంటి పంది ఒక్కటేగా ఉండేదని హానర్ అడగబోతే, ఆమె మొగుడు ఊరుకోమన్నాడు. కిట్టో విచారించలేదు.

డిసెంబరు 9న కిట్టో మొక్కజొన్న కోసం పెద్ద పడవ ఎగువకు పంపాడు. భాష వచ్చినవాడని డిగరీని ఎక్కించాడు. పెన్‌రోజ్ నలుగురు తుపాకుల వాళ్ళతో ఎక్కాడు. టామ్సిన్ రేవులోనే ఉండిపోయింది. చీకటి పడ్డాక హానర్ వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. పొద్దున్నే టామ్సిన్ మళ్ళీ వచ్చి నిలబడింది.

పడవ 10న మధ్యాహ్నం ఆటుతో తిరిగొచ్చింది. ఎగువ ఊళ్ళో ఇళ్ళ కొయ్యలు మాత్రం నిలబడి ఉన్నాయని, గోడలకు కట్టిన చాపలు చుట్ట చుట్టుకుని మనుషులు వెళ్ళిపోయారని, ఎటు వెళ్ళారో చెప్పడానికి మంచు మీద అడుగులు లేవని పెన్‌రోజ్ కిట్టోకు చెప్పాడు. పాతరలన్నీ తెరిచి ఉన్నాయి. పడవలో వెళ్ళిన ఆరుగురూ దిగారు. డిగరీ ఆఖరున దిగాడు. బుట్టలు తీసుకెళ్ళినవి తీసుకెళ్ళినట్టే, ఖాళీగా దింపారు.